ముక్కోణపు సిరీస్ పట్టికలో ఆ నాలుగు అంకెలూ వేయండి

సంపాదకులకు,

ముక్కోణపు వన్డే సిరీస్ జరిగినప్పుడల్లా క్రీడా పేజీలో ఒక పట్టిక వస్తుంది: ఆడినవి, గెలిచినవి, ఓడినవి, పాయింట్లు, చివరి గడిలో నెట్ రన్‌రేట్ (ఓవర్‌కు సగటున చేసిన పరుగులకూ ఇచ్చిన పరుగులకూ తేడా). ఆ చివరి అంకె ఏ నాలుగు అంకెల (చేసిన పరుగులు, ఆడిన ఓవర్లు, ఇచ్చిన పరుగులు, వేసిన ఓవర్లు) నుంచి వచ్చిందో, రేపటి మ్యాచ్‌లో ఎంత కొడితే అది మారుతుందో మాత్రం ఎక్కడా ఉండదు. రెండు జట్ల సిరీస్‌కైతే దానితో పని లేదు. మూడింటిలో రెండు ఫైనల్‌కు వెళ్లి ఒకటి ఇంటిదారి పట్టేచోట అసలు లెక్కంతా అక్కడే ఉంటుంది.

1998 ఏప్రిల్ 22న షార్జాలో ఆస్ట్రేలియా 284 చేసింది. భారత్ గెలవాలంటే 285 కావాలి. నెట్ రన్‌రేట్‌లో న్యూజిలాండ్‌ను దాటి ఫైనల్ చేరడానికి మాత్రం 254 చాలు. ఇసుక తుపాను వల్ల నాలుగు ఓవర్లు పోయాక గెలుపు లక్ష్యం 46 ఓవర్లలో 276కి, ఫైనల్ లక్ష్యం 237కి దిగాయి. ఒకటి 9 పరుగులే తగ్గితే రెండోది 17 తగ్గింది. సచిన్ 143 కొట్టాడు, అవతలి ఎండ్‌లో మన లక్ష్మణ్ నిలబడ్డాడు. జట్టు 250 దగ్గర ఆగి 26 పరుగుల తేడాతో ఓడింది, అయినా అజహరుద్దీన్ సేన ఫైనల్‌కు వెళ్లి రెండు రోజుల తర్వాత కప్పు గెలిచింది. పట్టిక చూసి ఆ రాత్రి ఆట అర్థం చేసుకోవాలంటే ఆ రెండో లక్ష్యం తెలియాల్సిందే.

నెట్ రన్‌రేట్ లెక్క కష్టమేమీ కాదు. టోర్నీ మొత్తంలో చేసిన పరుగులను ఆడిన ఓవర్లతో భాగించి, అందులోంచి ఇచ్చిన పరుగులను వేసిన ఓవర్లతో భాగించగా వచ్చినది తీసేయాలి. తప్పులు నాలుగైదు చోట్ల జరుగుతాయి. మ్యాచ్‌వారీ రేట్ల సగటు తీయడం మొదటిది. ఒక మ్యాచ్‌లో 50 ఓవర్లలో 300, ఇంకో మ్యాచ్‌లో 10 ఓవర్లలో 100 చేస్తే 6, 10 కలిపి సగం చేసి 8 అంటారు. నిజానికి 60 ఓవర్లలో 400, అంటే 6.67. రెండోది, 36.4 ఓవర్లను కాలిక్యులేటర్‌లో అలాగే కొట్టేయడం. నాలుగు బంతులంటే ఓవర్‌లో ఆరింట నాలుగు వంతులు, కాబట్టి 36.67 అని వేయాలి. మూడోది ఆలౌట్. 38 ఓవర్లకే ఆలౌటయినా లెక్కలోకి పూర్తి 50 ఓవర్లు వస్తాయి. ఫలితం తేలని మ్యాచ్ అసలు లెక్కలోకే రాదు.

అన్నిటికన్నా తికమక పెట్టేది వాన. 2013లో వెస్టిండీస్‌లో జరిగిన సెల్‌కాన్ కప్ (ఆ సెల్‌కాన్ హైదరాబాద్ ఫోన్ల కంపెనీయే) మంచి ఉదాహరణ. జులై 9న భారత్ 29 ఓవర్లలో 119/3 వద్ద ఉండగా వాన పడింది. వానకు ఓవర్లు తగ్గినప్పుడు లక్ష్యాన్ని సవరించే డక్‌వర్త్-లూయిస్ పద్ధతి ప్రకారం శ్రీలంక లక్ష్యం 26 ఓవర్లలో 178. వాళ్లు 96కే ఆలౌట్. స్కోర్లు మాత్రమే చూసినవారికి తేడా 23 పరుగులు. ఫలితం మాత్రం 81 పరుగుల విజయం. నెట్ రన్‌రేట్‌లో భారత్ ఖాతాకు లక్ష్యం కన్నా ఒకటి తక్కువ, అంటే 26 ఓవర్లలో 177 వెళ్తుంది. శ్రీలంకకు 26 ఓవర్లలో 96. చివరికి భారత్ 10, శ్రీలంక 9, వెస్టిండీస్ 9 పాయింట్లతో నిలిచాయి. ఆ రోజు బరిలోనే లేని వెస్టిండీస్ నెట్ రన్‌రేట్‌లో వెనకబడి ఇంటికి పోయింది. ఇంత దెబ్బ తిన్న శ్రీలంక ముందుకెలా వెళ్లిందంటే, జులై 2న భారత్‌పై 161 పరుగుల తేడాతో గెలిచి ముందే కూడబెట్టుకుంది కనుక.

బోనస్ పాయింట్ ఉన్న టోర్నీల్లో ఇంకో మెలిక. గెలిచిన జట్టు రన్‌రేట్ ప్రత్యర్థి కన్నా 1.25 రెట్లు ఉంటే అదనంగా ఒక పాయింట్. పూర్తి మ్యాచ్‌లో దీన్ని ఇలా గుర్తుంచుకోవచ్చు: లక్ష్యం ఎంతైనా 40 ఓవర్లలోపు ఛేదించాలి, ముందు బ్యాటింగ్ చేస్తే ప్రత్యర్థిని తన స్కోరులో ఐదింట నాలుగు వంతుల్లోపు ఆపాలి. 2012 ఫిబ్రవరి 28న హోబర్ట్‌లో శ్రీలంక 320 చేసినప్పుడు భారత్‌కు అవసరమైంది ఇదే. కోహ్లి 133 నాటౌట్‌తో 36.4 ఓవర్లకే పని ముగిసింది. 41 ఓవర్లు పట్టి ఉంటే గెలిచి కూడా ఆ రాత్రే నిష్క్రమణ. అంత చేసినా మార్చి 2న మెల్‌బోర్న్‌లో శ్రీలంక ఆస్ట్రేలియాను 9 పరుగుల తేడాతో ఓడించడంతో భారత్ ఫైనల్ చేరలేదు.

ఈ నియమంతో ఆడుకున్నవాళ్లూ ఉన్నారు. 2002 ఫిబ్రవరి 1న పెర్త్‌లో దక్షిణాఫ్రికా 270 చేసింది. వాళ్లకు బోనస్ పోకుండా ఆపడానికి న్యూజిలాండ్ 217 చేస్తే చాలు, 203 దగ్గర ఆగింది. ఆ పాయింటును కెప్టెన్ ఫ్లెమింగ్ న్యూజిలాండ్ జట్టు కావాలనే వదిలేసింది, ఆస్ట్రేలియాకు చివరి మ్యాచ్‌లో గెలుపుతోపాటు బోనస్ కూడా తప్పనిసరి చేయడానికి. ఎత్తు ఫలించింది: ఆస్ట్రేలియా గెలిచింది, బోనస్ రాలేదు, సొంతగడ్డపై ఫైనల్‌కు దూరమైంది. క్రీడాస్ఫూర్తి మాట పక్కన పెడితే, నియమం రాసినవాళ్ల లోపాన్ని ఆడేవాళ్లు వాడుకున్నారంతే.

కాబట్టి విన్నపం ఒక్కటే. నెట్ రన్‌రేట్ పక్కన నాలుగు గడులు వేయండి: చేసిన పరుగులు, ఆడిన ఓవర్లు, ఇచ్చిన పరుగులు, వేసిన ఓవర్లు. పట్టిక కింద గెలుపుకు పాయింట్లెన్నో, బోనస్ ఉందో లేదో, పాయింట్లు సమానమైతే ముందు దేన్ని చూస్తారో రాయండి. కొన్ని టోర్నీల్లో నెట్ రన్‌రేట్ కన్నా ముందు ఆ రెండు జట్ల ముఖాముఖి ఫలితమే చూస్తారు. లీగ్ చివరి మ్యాచ్ నాటి ఉదయం సంచికలో ఎన్ని ఓవర్లలో గెలవాలో, ఓడినా ఎంత చేస్తే చాలో ఒక వాక్యం ఉండాలి. 2025లో కొలంబోలో జరిగిన మహిళల ముక్కోణపు సిరీస్‌లో కడప అమ్మాయి శ్రీచరణి వన్డే అరంగేట్రం చేశాక, ఈ పట్టికలు చూసేవాళ్లు ఇక్కడ పెరిగారే తప్ప తగ్గలేదు.

చోటు లేదంటారా? సెంచరీ వీరుడి ఫొటో అర అంగుళం తగ్గించండి, నాలుగు గడులూ పడతాయి.

– క్లబ్ క్రికెట్ స్కోరరు, గుంటూరు