ఊదితే బయటపడని మత్తు

డ్రంకెన్ డ్రైవ్ తనిఖీల్లో బ్రీత్ ఎనలైజర్ మద్యాన్నే పడుతుంది. గంజాయి తాగినవాడు సున్నా రీడింగుతో దర్జాగా వెళ్లిపోతాడు. గంజాయిలో మత్తెక్కించే పదార్థమైన టీహెచ్‌సీ వెళ్లి అతుక్కునే సీబీ1 గ్రాహకాలు (కణాల మీద సంకేతాలు అందుకునే ప్రొటీన్లు) మెదడులో కదలికలనూ ఉత్సాహాన్నీ నడిపే బేసల్ గాంగ్లియాలో, ఒంటి తూకం చూసే చిన్నమెదడులో దట్టంగా ఉంటాయి. అందుకే బ్రేకు మీదికి కాలు ఆలస్యంగా వెళుతుంది, బండి లేను తప్పుతుంది. ఊపిరిని నడిపే మెదడుకాండంలో ఇవి తక్కువ కాబట్టి ఎక్కువ తాగినా ఊపిరి ఆగడం అరుదు. ఆ ధీమాయే స్టీరింగు పట్టిస్తోంది. మూత్రపరీక్ష దీనికి జవాబు కాదు, రోజూ తాగేవారిలో మానేసిన వారాల తర్వాత కూడా పాజిటివ్ రావచ్చు. ప్రతి తనిఖీలోనూ గంజాయిని పట్టే లాలాజల పరీక్ష కిట్లు ఉంచాలి. పాజిటివ్ వచ్చినా, నోరెండి నమూనా చాలకపోయినా వెంటనే రక్తం తీయించాలి. రక్తంలో టీహెచ్‌సీ గంటల్లోనే పడిపోతుంది.