వాసుకి, పుస్తకాల సంగతి

చి. వాసుకి, అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న మోకాలి నొప్పి కాస్త తగ్గింది. చిట్టి పరీక్షలు అయిపోయాయి, ఇప్పుడు పగలంతా నిద్ర. నువ్వు ఫోన్ చేసి చాలా రోజులైంది. ఉత్తరమైతే తీరిక ఉన్నప్పుడు చదువుకుంటావని రాస్తున్నాను. వేరే కారణమేమీ లేదు.

మొన్న రవి బావ ఫోన్ చేశాడు. నిన్ను డేటాబేస్ టీమ్‌లోకి మార్చారట, డీబీఏ పనులు, అంటే డేటాబేస్‌ను నడిపించి చూసుకునే పనులు కూడా నీకే అప్పజెప్పారట. ఒకే రాత్రి కూర్చుని బోలెడు పుస్తకాలకు ఆర్డర్ పెట్టావట. లైవ్ సర్వర్‌లో ఏదో టేబుల్ గురించి కూడా అన్నాడు. వాడు సగం విని మొత్తం చెబుతాడని మనకు తెలుసు కాబట్టి దాని గురించి నేనేమీ అడగను. పుస్తకాల గురించి మాత్రం రాస్తాను. ఇన్నేళ్లు డేటాబేస్ పనే చేశాను కదా.

ముందుగా, వచ్చిన వాటిలో ఇంకా విప్పనివి ఉంటే వెనక్కి పంపేయ్ నాన్నా. భయంలో కొన్న పుస్తకాలు చదవలేం. పక్కన దొంతర పెట్టుకుంటే ఇంకా ఎంత రాదో గుర్తుచేస్తూ ఉంటాయి, అంతే. నీకు ఇప్పుడు కావలసినవి మూడు. ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్‌ను అడిగే భాష, రాయడం నేర్పేది ఒకటి, డేటాబేస్ లోపల ఏం జరుగుతుందో చెప్పేది ఒకటి, మీ ఆఫీసులో నడుస్తున్న డేటాబేస్ ప్రొడక్ట్‌కి, సరిగ్గా మీ వెర్షన్‌కి రాసిన అడ్మినిస్ట్రేషన్ పుస్తకం ఒకటి.

ఎస్‌క్యూఎల్ పుస్తకాలకు లోటు లేదు. సెలెక్ట్, జాయిన్, గ్రూప్ బై అన్నిట్లోనూ ఉంటాయి, వాటిని చూసి ఎంచుకోలేవు. నేనైతే వెనకున్న ఇండెక్స్ తీసి ‘నల్’ (విలువ తెలియదని పెట్టే గుర్తు) గురించి ఎక్కడ రాశారో వెతుకుతాను. ‘ఈ జాబితాలో లేనివి’ అని అడిగే ‘నాట్ ఇన్’ లోపలి జాబితాలో ఒక్క నల్ ఉంటే చాలు, ఫలితంలో ఒక్క వరుస కూడా రాదు. నల్‌తో పోల్చినప్పుడు వచ్చే జవాబు ‘అవును’ కాదు, ‘కాదు’ అన్నదీ కాదు, ‘తెలియదు’. ఈ మూడో జవాబును ఉదాహరణతో విడమర్చి చెప్పిన రచయిత మిగతా విషయాల్లోనూ శ్రద్ధ పెట్టి ఉంటాడు. రెండు లైన్లలో దాటేసిన పుస్తకాన్ని పక్కన పెట్టు. విండో ఫంక్షన్లు (వరుసలను కలిపేయకుండానే ఒక్కో వరుస పక్కన మొత్తాలు, ర్యాంకులు లెక్కగట్టేవి) ఉన్నాయో లేదో కూడా చూడు. అవి ఎస్‌క్యూఎల్ స్టాండర్డ్‌లోకి 2003లోనే వచ్చినా, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లోకి 2018లో 8.0 వెర్షన్‌తో గానీ రాలేదు. అంతకంటే పాత మైఎస్‌క్యూఎల్ పుస్తకం కొంటే ఆ పాఠం మొత్తం నీకు దక్కదు.

సర్టిఫికేషన్ గైడ్లతో మొదలుపెట్టకు. అవి పరీక్షకు పనికొస్తాయి. పని తెలిసినవాడికి తనకేం తెలియదో చూపిస్తాయి. పని తెలియనివాడు మాత్రం జవాబులు కంఠస్థం చేసి, తెలిసిందనుకుంటాడు.

రెండో రకం పుస్తకం పాతదైనా ఫరవాలేదు. ఐబీఎంలో పనిచేసిన కాడ్ 1970లో రిలేషనల్ మోడల్, అంటే డేటాను టేబుళ్లుగా చూసే పద్ధతి, మీద పేపర్ రాశాడు. అప్పటి నుంచి ఎన్ని కంపెనీలు వచ్చి పోయినా ఆ పునాది అలాగే ఉంది. సిల్బర్‌షాట్జ్, కోర్త్, సుదర్శన్ రాసిన పుస్తకం మొదట 1986లో వచ్చింది, ఏడో ఎడిషన్ 2019లో వచ్చింది. నా దగ్గరున్నది చాలా పాతది. అయినా నార్మల్ ఫారమ్‌లు, బీ ప్లస్ ట్రీ, లాకులు, రికవరీ అధ్యాయాలు ఇప్పటికీ నిక్షేపంగా పనికొస్తాయి. దాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవాలని పంతం పట్టకు. ట్రాన్సాక్షన్లు (మొత్తం జరగాలి, లేదా ఏదీ జరగకూడదనే పనుల కట్ట), ఐసొలేషన్ (ఒకేసారి నడిచే వాటికి ఒకదాని మార్పులు ఇంకొకదానికి ఎంత కనబడాలన్నది), రికవరీ, ఈ మూడూ ముందు చదువు. ఐసొలేషన్ మాత్రం నిదానంగా చదవాలి. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లలో మనమేం మార్చకపోతే రీడ్ కమిటెడ్ (కమిట్ అయిన, అంటే ఖాయమైన డేటా మాత్రమే కనబడే స్థాయి) ఉంటుంది, మైఎస్‌క్యూఎల్‌లో డేటా దాచే ఇన్నోడీబీలో రిపీటబుల్ రీడ్ (మొదట చదివిందే ట్రాన్సాక్షన్ అంతా కనబడే స్థాయి) ఉంటుంది. ఒకచోట సరిగ్గా నడిచిన ప్రోగ్రామ్ ఇంకోచోట వేరే లెక్క చూపిస్తే కారణం అక్కడే ఉండొచ్చు. డేటాబేస్‌లో వేగంగా వెతకడానికి పెట్టే ఇండెక్సుల కోసం మార్కస్ వినాండ్ రాసిన సన్నటి పుస్తకం ఉంది, 2012లో వచ్చింది. డెవలపర్‌కి అర్థమయ్యేలా రాశాడు. క్లెప్‌మాన్ పుస్తకం, 2017లో వచ్చింది, చాలా మంచిది గానీ ఇప్పుడే తెరవకు, ఎక్కువగా అనేక సర్వర్ల మీద నడిచే డేటా గురించి ఉంటుంది. ఒక్క సర్వర్ చేతిలోకి వచ్చాక చదివితే దాని విలువ తెలుస్తుంది.

నిద్ర సరిగ్గా పోతున్నావా? ఇంటర్‌లో కెమిస్ట్రీ అప్పుడు కూడా ఇలాగే ఎవరితోనూ మాట్లాడకుండా మేడ మీద గదిలో కూర్చున్నావు. చివరికి చూస్తే నువ్వు భయపడినంత ఏమీ లేదు. అది గుర్తొచ్చి అడిగాను.

మూడో రకానికి వస్తాను. ఇక్కడ వెర్షన్ చూడకుండా కొనడం డబ్బు దండగ మాత్రమే కాదు, ప్రమాదం కూడా. పోస్ట్‌గ్రెస్‌లో రీస్టోర్ చేసేటప్పుడు ‘రికవరీ డాట్ కాన్ఫ్’ అనే ఫైల్ రాయమని పాత పుస్తకాలన్నీ చెబుతాయి. 2019లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి దాన్ని తీసేశారు. ఆ ఫైల్ కనబడితే సర్వర్ అసలు లేవదు. డేటా పోయి, పై నుంచి ఫోన్లు వస్తూ ఉంటే, పుస్తకంలో ఉన్నట్టే చేసినా సర్వర్ లేవకపోతే మనిషికి ఎంత టెన్షనో ఆలోచించు. మైఎస్‌క్యూఎల్ పుస్తకాల్లో క్వెరీ క్యాష్‌ను (అడిగిన ప్రశ్నలకు వచ్చిన జవాబులు దాచుకునే చోటును) ట్యూన్ చేయడం గురించి పేజీలకు పేజీలు ఉండేవి. 8.0లో ఆ క్వెరీ క్యాష్‌నే తీసేశారు. అందుకే సర్వర్‌లో వెర్షన్ ఏదో ముందు చూసుకో, ఆ తర్వాతే పుస్తకం. అది దొరక్కపోతే అధికారిక మాన్యువల్ చదువు. పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ వెర్షన్ వారీగా ఉచితంగా దొరుకుతుంది, చాలా పుస్తకాలకంటే శుభ్రంగా రాసి ఉంటుంది.

ఇంకొకటి. అడ్మినిస్ట్రేషన్ పుస్తకం చేతిలోకి తీసుకోగానే బ్యాకప్‌కి ఎన్ని పేజీలిచ్చాడో, రీస్టోర్‌కి ఎన్ని ఇచ్చాడో చూడు. బ్యాకప్ గురించి నలభై పేజీలు రాసి రీస్టోర్‌ని రెండు పేజీల్లో ముగించిన పుస్తకం వద్దు.

ఎందుకంటున్నానో చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా దగ్గర ఒరాకిల్ ఉండేది. ప్రతి రాత్రీ డేటాను ఒక ఫైల్‌లోకి ఎక్స్‌పోర్ట్ తీసేవాళ్లం, ఆదివారం డేటాబేస్ ఆపి ఫైళ్లన్నీ టేపుకి ఎక్కించేవాళ్లం. ఒక గురువారం మధ్యాహ్నం డేటా ఉన్న డిస్కు పోయింది. ఎవరూ కంగారు పడలేదు, రాత్రి ఎక్స్‌పోర్ట్ ఉందిగా అనుకున్నాం. తెరిచి చూస్తే ఫైల్ సగంలో తెగిపోయి ఉంది. ముందు రోజుదీ అంతే. ఎక్స్‌పోర్ట్ పెట్టే డిస్కు ఎప్పుడో నిండిపోయింది. లాగ్‌లో ఆ ఎర్రర్ స్పష్టంగా ఉంది, ఎవరూ చదవలేదు. చదవాల్సిన డ్యూటీ ఒక కుర్రాడిది. ఇంచుమించు నీ వయసే. సంగతి తెలియగానే భయపడి ఇంటికి వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తలేదు.

మా సీనియర్ ఒకాయన ఉండేవారు, పెద్దగా మాట్లాడేవారు కాదు. సొరుగులోంచి తన పుస్తకం తీసి రికవరీ అధ్యాయం తెరిచారు. ఆ పేజీల అంచుల నిండా పెన్సిల్ రాతలే. పుస్తకంలో ఉన్న ప్రతి కమాండ్‌నీ ఆయన ఒక టెస్ట్ మెషీన్ మీద అంతకుముందే చేసి చూశారు. ఎక్కడ పుస్తకంలో చెప్పినట్టు వచ్చింది, ఎక్కడ రాలేదు, రాకపోతే ఏం చేయాల్సి వచ్చింది, అన్నీ తేదీలతో సహా రాసుకున్నారు. ఆదివారం టేపు నుంచి ఫైళ్లు వెనక్కి తెచ్చి, ఆ తర్వాత జరిగిన మార్పులన్నీ నమోదయ్యే ఆర్కైవ్ లాగ్‌లు వేరే డిస్కులో భద్రంగా ఉన్నాయి కాబట్టి వాటిని వరసగా అప్లై చేద్దామన్నారు. దారి తెలిసింది. ఆదివారం టేపు ఏదో మాత్రం తెలియలేదు! టేపుల మీద గుర్తులన్నీ ఆ కుర్రాడివి, అతనికి తప్ప ఎవరికీ అర్థం కావు. ఒక్కో టేపూ ఎక్కించి చూస్తూ కూర్చున్నాం. రాత్రి ఎప్పుడో వాళ్ల నాన్నగారు వెంటబెట్టుకుని అతన్ని తీసుకొచ్చారు. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. సీనియర్ ఒక్క మాట అనలేదు, “ఆదివారం టేపు చూపించు, ఇక్కడ కూర్చో” అన్నారు. అతను వెంటనే తీసిచ్చాడు. ఆ తర్వాత అతను లాగ్ నంబర్లు చదువుతుంటే ఆయన అప్లై చేశారు, నేను కాగితం మీద టిక్ పెట్టాను. తెల్లారేసరికి గురువారం మధ్యాహ్నం కమిట్ అయిన చివరి ఎంట్రీతో సహా అంతా వచ్చేసింది. తర్వాతి రోజుల్లో రీస్టోర్ పని అంటే అందరూ అతన్నే పిలిచేవాళ్లు. ఆ రాత్రి మా సమయం పోయింది డిస్కు వల్లకంటే అతను ఫోన్ ఎత్తకపోవడం వల్లే ఎక్కువ.

ఇది రవి బావ మాటలకు జవాబుగా రాయడం లేదు. ఒకవేళ నిజంగా ఏదైనా జరిగి ఉంటే మీ టీమ్‌లీడ్‌కి ఏ టైమ్‌కి ఏ కమాండ్ ఇచ్చావో ఉన్నది ఉన్నట్టు చెప్పు. లాగ్‌లు ఉండి, అంతకుముందు మొత్తం డేటాబేస్‌కి తీసిన బేస్ బ్యాకప్ ఉంటే ఆ నిమిషానికి ముందు వరకూ తీసుకురావచ్చు. అందుకు వాళ్లకు కావలసింది సరైన టైమ్, అది నీకే తెలుసు. ఆలస్యమైతే పాత లాగ్‌లు డిస్కు మీద నుంచి చెరిగిపోయే ప్రమాదం కూడా ఉంది.

మీ ఆఫీసులో ఒక టెస్ట్ సర్వర్ అడుగు. ఇవ్వకపోతే నీ ల్యాప్‌టాప్ మీదే పోస్ట్‌గ్రెస్ వేసుకుని, కావాలని ఒక టేబుల్ పోగొట్టి తిరిగి తెచ్చుకో. పుస్తకం పక్కన పెట్టుకుని, పెన్సిల్ పట్టుకుని చెయ్యి. అర్ధరాత్రి కాదు, పొద్దున లేచి. లైట్ వెనక నుంచి పడేలా కూర్చో, నీ మెడ నొప్పి సంగతి నాకు తెలుసు. కళ్లజోడు పవర్ చూపించుకుని ఎన్నాళ్లయింది? పోయినసారి వచ్చినప్పుడే ఫోన్ ముఖం దగ్గర పెట్టుకుని చదువుతున్నావు. చూపించుకో. ఇది మళ్లీ చెప్పించుకోకు.

సిల్బర్‌షాట్జ్ కొనకు. నా పుస్తకం చిట్టి గదిలో ఉంది, రవి బావతో పంపిస్తాను. వాడు వచ్చే వారం అటు వస్తున్నాడట. వాడితో పోట్లాడకు, నీ మీద బెంగతోనే నాకు చెప్పాడు. నాన్న ఏమీ అడగడం లేదు గానీ ఫోన్ మోగితే ముందు ఆయనే చూస్తున్నారు. ఆదివారం ఏ టైమ్‌కైనా చెయ్యి, పని మాటలు వద్దనుకుంటే వద్దు.

ఇట్లు
అమ్మ

తా.క.: డిలీట్ కొట్టే ముందు అదే ‘వేర్’ కండిషన్‌తో సెలెక్ట్ కౌంట్ వేసి ఎన్ని వరుసలో చూసుకో. తర్వాత ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి డిలీట్ చెయ్యి, అదే సంఖ్య వస్తేనే కమిట్, లేదంటే రోల్‌బ్యాక్, అంటే చేసింది వెనక్కి తీసుకోవడం. పోస్ట్‌గ్రెస్‌లో డ్రాప్ టేబుల్ (టేబుల్‌నే తీసేయడం) కూడా ట్రాన్సాక్షన్ లోపల ఉంటే రోల్‌బ్యాక్ అవుతుంది. మైఎస్‌క్యూఎల్‌లోనూ ఒరాకిల్‌లోనూ డ్రాప్ కొట్టగానే దానంతటదే కమిట్ అయిపోతుంది. మీది ఏ డేటాబేసో రవి బావ తనకు తెలియదన్నాడు. నువ్వు చెబితే దానికి తగ్గ పుస్తకం పేరు రాస్తాను.