ఏ ప్రజలండీ?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పదిహేనో శతాబ్దం చివర ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరాన్ని ఉపన్యాసాలతో ఊపేసిన సన్యాసి సవొనరోలా మీద వేసిన అర పేజీ వ్యాసం చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. చదివినవాళ్లెవరో రాస్తారులే అనుకున్నాను. ఉత్తరాల శీర్షికలో వీధి కుక్కల మీద మూడు వచ్చాయి గానీ దీని మీద ఒక్కటీ రాలేదు. ఇక నాకు తప్పలేదు.

"పుస్తకాలు తగలబెట్టిన ఉన్మాదిని చివరికి ప్రజలే తగలబెట్టారు" అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. వినడానికి బాగుంది. ఏ ప్రజలండీ? ఆ ఊరు నిలువునా చీలిపోయి ఉంది. ఆయన ఉపదేశం విని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లకు ఎదుటివాళ్లు పెట్టిన పేరు పియాన్యోని, అంటే ఏడుపుగొట్టు బాపతు. వాళ్లని చూస్తే మండిపడేవాళ్లు అరబ్బియాతి. వీళ్లు కాక డబ్బున్న ఇళ్ల కుర్రకారు వేరే: 1497 మే నెలలో ఆయన ఉపన్యాసవేదికకు మలినం పూసి, గాడిద చర్మం కప్పి వెళ్లారు. ఇందులో ఎవరిని "ప్రజలు" అనాలో మీ రచయితే చెప్పాలి.

1497 ఫిబ్రవరి 7న పాచికలు, ముసుగులు, అద్దాలు, బొమ్మలు, పుస్తకాలు కుప్పపోసి కాల్చారు. నిజమే, దాన్ని నేను సమర్థించను. కానీ బాచో అనే చిత్రకారుడు తాను గీసిన నగ్నచిత్రాలు తానే తెచ్చి మంటలో వేశాడని చిత్రకారుల జీవితాలు రాసిన వసారి చెప్పాడు. తర్వాత ఆ బాచో కూడా సన్యాసం పుచ్చుకున్నాడు. ఇక ఊరిని ఏలుతున్న మెడిచీ కుటుంబాన్ని వెళ్లగొట్టాక మూడు వేల మందికి పైగా పౌరులకు చోటిచ్చిన మహాసభ ఏర్పడటంలో సవొనరోలా పాత్ర ఎంత? పేదలకు తక్కువ వడ్డీకి తాకట్టు అప్పులిచ్చే సంస్థ 1496లో పని మొదలుపెట్టింది ఎవరి ప్రోద్బలంతో? ఒక్క ముక్క లేదు. మంటైతే బొమ్మ వేసుకోవచ్చు, తాకట్టు కొట్టుకు బొమ్మేం వేస్తారు?

లూకా లాండూచి అనే మందుల కొట్టాయన దినచర్య రాసుకునేవాడు. ఆ రోజుల్లో మామూలు మనిషి ఏమనుకున్నాడో తెలియాలంటే అదే చదవాలి. సన్యాసి వెంట ఊరేగిన పిల్లల్లో తన కొడుకులూ ఉన్నారని మురిసిపోయాడు. 1498 ఏప్రిల్ 19న మహాసభలో సవొనరోలా వాంగ్మూలం చదివినప్పుడు అక్కడే ఉన్నాడు. తాను ప్రవక్తను కానని ఆయన ఒప్పుకున్నట్టు విన్నాడు. ఫ్లోరెన్స్ కొత్త జెరూసలేం అవుతుందని ఎదురుచూశాను, ఇదా చివరికి మిగిలింది అని కుమిలిపోయాడు. ఆ వాంగ్మూలం చేతులు వెనక్కి కట్టి తాడుకు వేలాడదీసి రాబట్టింది. రాసిన నోటరీ చెకోనే అందులో మార్పులు చేశాడన్న పేరు మూటగట్టుకున్నాడు. తర్వాత రాజనీతి రచయితగా పేరు మోసిన మాకియవెల్లికి ఈ బాధల్లేవు. సన్యాసి గాలి ఎటుంటే అటు మాట్లాడుతూ అబద్ధాలకు రంగు పూస్తున్నాడని మార్చిలోనే ఉత్తరం రాసి పడేశాడు. మే 23న సన్యాసిని ఉరితీసి కాల్చారు. నెల తిరక్కుండా మాకియవెల్లికి సర్కారు కొలువు దొరికింది.

అసలు పాత్రధారులను మీ వ్యాసం వదిలేసింది. వాళ్లు అధికారులు. రెండు నెలలకోసారి మారే పాలకమండలి. సవొనరోలాను మతం నుంచి వెలివేసిన పోపుకు ఒక మండలి ఆయన తరఫున వినతులు పంపింది. రోమ్‌లో ఉన్న ఫ్లోరెన్స్ వ్యాపారుల సరుకు జప్తు చేస్తానని పోపు అలెగ్జాండర్ బెదిరించేసరికి భక్తి సన్నగిల్లింది. సవొనరోలా మాట నిజమో కాదో తేలాలంటే ఆయన శిష్యుడొకరు, ఎదుటి వర్గం సన్యాసి ఒకరు మంటల్లో నడవాలని ఏప్రిల్ 7న అగ్నిపరీక్ష అన్నారు. బట్టల్లో మంత్రముందని, శిలువ పట్టుకుని దిగకూడదని ఎదుటి వర్గం అడ్డుపెట్టింది, సాయంత్రం దాకా వాదులాడుకున్నారు. వాన కురిసింది, పరీక్ష లేదు. ఊరికే పోగైన జనం మర్నాడు సవొనరోలా మఠం మీద పడ్డారు. ఆ రాత్రి సాయానికి మోగిన మఠం గంటనూ వదల్లేదు: దించి, వీధుల్లో కొరడాలతో కొట్టిస్తూ ఊరి బయటికి వెళ్లగొట్టారు. 1509 దాకా అది తిరిగి రాలేదు. పైవాళ్లు తప్పించుకుని కింది గుమాస్తాను సస్పెండ్ చేసి ఫైలు మూసేయడం మన ఆఫీసులు కనిపెట్టిన విద్య కాదన్నమాట!

ఈ సంవత్సరాలు ఒకసారి సరిచూసుకుందామని మా ఊరి గ్రంథాలయానికి వెళ్తే సంప్రదింపు గ్రంథాల గదికి తాళం. తాళంచెవి ఉన్నాయన సెలవు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను మాత్రం ఏటా ఠంచనుగా కట్టించుకుంటారు. కాలేజీల్లో చరిత్ర గ్రూపు ఒక్కొక్కటే ఎత్తేస్తుంటే రేపు మీ పత్రికలో ప్రూఫులు దిద్దేవాడు ఎక్కణ్నుంచి వస్తాడు?

మరొకటి. వ్యాసం పక్కన వేసిన బొమ్మ సవొనరోలాది కాదు, తర్వాతి తరం జర్మన్ మతసంస్కర్త మార్టిన్ లూథర్‌ది. సవొనరోలాను కాల్చేనాటికి లూథర్ వయసు 14 ఏళ్లు.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
తెనాలి