ధ్రువాల మంచు మేఘాలపై పరిశోధనలో మన వాటా

సంపాదకుడు గారికి,

నమస్కారం. చంద్రయానం గురించి పేజీలకు పేజీలు రాస్తున్నాం, మంచిదే. కానీ 83 కిలోమీటర్ల ఎత్తులో జరుగుతున్నదాన్ని మాత్రం పట్టించుకోవడం లేదు.

ధ్రువాల దగ్గర వేసవిలో ఆ ఎత్తున పల్చటి మంచు మేఘాలు కడతాయి. 1885లో మొదట గమనించారు. అక్కడ చలి ముదిరేది వేసవిలోనే, సుమారు మైనస్ 130 డిగ్రీల దాకా. కాలిపోయిన ఉల్కల పొగ రేణువుల చుట్టూ మంచు పేరుకుంటుంది. మనం వదిలే మీథేన్ పైకి చేరి నీటి ఆవిరి అవుతోంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ అక్కడి గాలి ఇంకా చల్లబడుతోంది. రెండూ ఈ మేఘాలకు మేతే. వీటి కోసమే నాసా 2007లో పంపిన ఎయిమ్ ఉపగ్రహం బ్యాటరీ పాడై 2023లో మూగబోయింది.

ఇక దిక్కు రాడార్లు, చిన్న రాకెట్లే. బెలూన్లు అంత ఎత్తుకు వెళ్లలేవు, ఉపగ్రహాలు అంత కిందికి దిగి తిరగలేవు. నార్వేలోని ఆండోయా నుంచి 1994లో పంపిన రాకెట్లు అక్కడి ధూళికి విద్యుదావేశం ఉందని పట్టుకున్నాయి. రాకెట్‌లో పెట్టే ఆ ధూళిని కొలిచే పరికరం చూడటానికి గిన్నెలా ఉంటుంది. మూతి మీద వోల్టేజి ఇచ్చిన తీగల జాలీలు ఎలక్ట్రాన్లనూ తేలికపాటి అయాన్లనూ వెనక్కి తోసేస్తాయి. బరువైన ధూళి రేణువు మాత్రం జాలీ దాటి అడుగున తగులుతుంది. అప్పుడు పుట్టే అతి స్వల్ప కరెంటే కొలత. రాకెట్ ఆ పొరను కొద్ది సెకన్లలోనే దాటేస్తుంది కాబట్టి, పొరపాటు జరిగితే మళ్లీ అవకాశం ఉండదు.

ఇది మనకు చేతకాని పని కాదు. తిరుపతి దగ్గర గాదంకిలో పై వాతావరణాన్ని పరిశీలించే 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఉంది. అంటార్కిటికాలోని మన మైత్రి కేంద్రంలో స్వీడన్ వాళ్లతో కలిసి అలాంటి రాడార్‌నే నడిపారు. శ్రీహరికోట నుంచి 1971లో మొదట ఎగిరింది కూడా పై వాతావరణాన్ని కొలిచే చిన్న రాకెట్టే, రోహిణి సౌండింగ్ రాకెట్. మంచు మేఘాలు లేకపోయినా ఉల్కల పొగ మన ఆకాశంలోనూ ఉంటుంది. ధూళి పరికరాన్ని ఇక్కడే తయారుచేసి, ఇక్కడే పరీక్షించి, తర్వాత ధ్రువాలకు తీసుకెళ్లవచ్చు. అందులో మన ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలకు చోటివ్వాలి.

కాలం చెల్లిన ఉపగ్రహాలు వాతావరణంలోకి పడి కాలిపోతూ అల్యూమినియం లాంటి లోహాలను వదులుతున్నాయి. ఈ కొత్త ధూళి ఇంకా పెరగకముందే ఇప్పటి పరిస్థితిని కొలిచి పెట్టుకోవాలి. మైత్రిలో రాడార్ పరిశీలన ఏళ్ల తరబడి ఆగకుండా సాగేలా భూవిజ్ఞాన శాఖ నిధులు కేటాయించాలి. ఆ డేటాను విశ్వవిద్యాలయాలన్నిటికీ అందుబాటులో ఉంచాలి.

ఇట్లు,
భౌతికశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి