తప్పు ప్రిపేరర్‌ది, జరిమానా సంతకం పెట్టినవారిది

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఆదాయపు పన్ను రిటర్ను డబ్బిచ్చి వేయించుకునే మన తెలుగువారిలో చాలామంది, లెక్క తప్పితే బాధ్యత ఫీజు తీసుకుని రిటర్ను తయారుచేసిన ప్రిపేరర్‌దేనని నమ్ముతారు. అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ నుంచి నోటీసు వచ్చేదాకా నేనూ అలాగే నమ్మాను. నాకు వర్తించని మినహాయింపును ప్రిపేరర్ చూపించినందుకు అదనపు పన్ను, వడ్డీ, తగ్గిన పన్నుపై 20 శాతం జరిమానా నా మీదే పడ్డాయి. సంతకం నాది గనుక అందులోని ప్రతి అంకెకూ చట్టం ముందు జవాబుదారీ నేనే. గడువు దాటినా ఇదే తీరు. రిటర్ను వేస్తాడని ఏజెంటును నమ్మి ఊరుకోవడం ఆలస్యానికి తగిన కారణం కాదని 1985లోనే బాయిల్ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

దారులు లేకపోలేదు. అర్హత గల నిపుణుడికి వివరాలన్నీ ఇచ్చి, అతని సలహాను నిజాయతీగా పాటించామని చూపగలిగితే 20 శాతం జరిమానా తీసివేయమని కోరవచ్చు. మనకు తెలియకుండానే రిటర్నును మార్చి ఉంటే 14157, 14157-ఎ ఫారాలతో ఐఆర్ఎస్‌కు ఫిర్యాదు చేయవచ్చు. నిర్లక్ష్యానికో, ఒప్పంద ఉల్లంఘనకో ప్రిపేరర్‌పై రాష్ట్ర కోర్టులో దావా వేయవచ్చు. మొత్తం చిన్నదైతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది. అయితే ఎలాగూ కట్టవలసిన అసలు పన్నును సాధారణంగా నష్టం కింద లెక్కించరు. జరిమానా, తప్పు దిద్దించుకోవడానికైన ఖర్చు అడగవచ్చు, వడ్డీ విషయంలో మాత్రం కోర్టులు తలో మాట చెబుతున్నాయి. దావా గడువు రాష్ట్రానికొక రకంగా ఉంటుంది కాబట్టి ఐఆర్ఎస్‌తో వ్యవహారం తెమిలేదాకా ఆగినవారికి ఆ హక్కే చేజారవచ్చు. ఇక ప్రిపేరర్ తన పేరు, సంతకం లేకుండా రిటర్ను పంపి ఉంటే, ఆ పని అతనే చేశాడని రుజువు చేయడమే పెద్ద పని.

ఆధారం లేని క్లెయిము చూపిన ప్రిపేరర్‌కు ఐఆర్ఎస్ 1,000 డాలర్లు లేదా అతని ఫీజులో సగం, ఏది ఎక్కువైతే అంత జరిమానా వేయవచ్చు. అది ఖజానాకు పోతుంది, మనకు ఒక్క సెంటు రాదు.

ప్రిపేరర్ సీపీఏ (లైసెన్సు గల అకౌంటెంటు) అయితే అతనిపై రాష్ట్ర అకౌంటెన్సీ బోర్డుకు ఫిర్యాదు చేయవచ్చు. కానీ ఫెడరల్ నియమాల ప్రకారం ప్రిపేరర్లకు ఐఆర్ఎస్ ఇచ్చే పీటిన్ అనే గుర్తింపు నంబరు ఉంటే చాలు, ఏ పరీక్షా రాయకుండానే ఎవరైనా ఈ పని చేయవచ్చు. పరీక్ష పెట్టాలని ఐఆర్ఎస్ తెచ్చిన నియమాలను, ఆ అధికారం చట్టంలో లేదంటూ 2014లో అప్పీలు కోర్టు తోసిపుచ్చింది. ఆ అధికారాన్ని అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ స్పష్టంగా ఇవ్వాలి. దానితోపాటు కాలిఫోర్నియా తన నమోదిత ప్రిపేరర్ల నుంచి కోరే 5,000 డాలర్ల పూచీ బాండును, ఆ మొత్తం చాలా తక్కువే అయినా, కనీసం అంతైనా దేశమంతటా తప్పనిసరి చేయాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు