మీవాడికి ఏ పద్యం నేర్పాలి?

పర్లాకిమిడి

ఒరే బావా,

మీవాడికి మొదట ఏ పద్యం నేర్పమంటావని రాశావు. అందరూ నేర్పే ‘పుత్రోత్సాహము తండ్రికి’ మాత్రం మొదట వద్దురా. బద్దెన కందం ఇట్టే నోటికొస్తుంది, కాదనను. కానీ అందులో తండ్రి సంతోషం జనం చేతిలో ఉంది. కొడుకు పుట్టిన నాడు కాదట, నలుగురూ పొగిడిన నాడట! మన నాన్నలు అచ్చం అలాగే బతికారు. మా నాన్న నా మార్కుల కాగితం వీధరుగు మీద వచ్చేపోయేవాళ్లందరికీ చూపించి మురిసిపోయేవారు. నావైపు తిరిగి ఒక్క మాట అనేవారు కాదు. మగాడంటే ఇంతే కాబోలు అనుకుని పెరిగాం.

నేర్పితే నన్నయ్యది నేర్పు. ఆదిపర్వంలో శకుంతల నిండు సభలో దుష్యంతుణ్ణి నిలదీస్తుంది చూడు, ‘విపరీత ప్రతిభాష లేమిటికి’ అని. ఈ పెడసరపు మాటలెందుకు రాజా, ముందు కొడుకుని కౌగిలించుకో అంటుంది. ముత్యాల పేరు, కర్పూరం పొడి, గంధం, వెన్నెల, ఇవేవైనా బిడ్డ ఒళ్లు తగిలినంత చల్లగా ఉంటాయా అని అడుగుతుంది. దాదాపు వెయ్యేళ్ల కిందటే ఒక మహారాజుకి ఈ మాట చెప్పించాడురా నన్నయ్య! అందులో పిల్లాడి చదువు ఊసు లేదు, ఊరి మెప్పు ఊసు లేదు.

ఇక హిరణ్యకశిపుడు. నాటకాల్లో మీసం, గద తప్ప ఏం చూశాం? పోతన చూపించినవాడు వేరు. గురువుల దగ్గర్నించి వచ్చిన ప్రహ్లాదుణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, ‘చుంచు దువ్వి, చుబుకంబు పుడికి, చెక్కిలి ముద్దుగొని, శిరంబు మూర్కొని’ కన్నీళ్లతో వాడి మొహం తడిపేస్తాడు. ముల్లోకాలూ గెలిచినవాడు కొడుకు జుట్టు దువ్వుతున్నాడు! ఆ వచనం దగ్గరికొస్తే నాకు గొంతు పట్టేస్తుంది. తర్వాత ఏం చదివావు నాయనా అంటాడు. ‘చదువులలో మర్మమెల్ల చదివితి తండ్రీ’ అని పిల్లాడు ఉన్నమాట చెబుతాడు. అంతే, ఏనుగులు, పాములు, విషం. ప్రేమ లేక కాదురా, తనకి నచ్చిన జవాబు వచ్చేదాకానే నిలిచిన ప్రేమ అది. చివరికి నరసింహుడు వరమిస్తానంటే తండ్రి పాపం పోవాలని అడిగాడు ఆ కుర్రాడు. ఇద్దరిలో గట్టివాడెవడంటే నేను వాడి పేరే చెబుతాను.

మన ఊళ్లోనే చూడు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష కోసం కొండల్లో తిరిగి, మలేరియాకి వాడిన క్వినైన్‌తో వినికిడి పోగొట్టుకున్నా వెనక్కి తగ్గని మనిషి. ఆయన కొడుకు సీతాపతి అదే సవర పనిలో తండ్రికి తోడుండి, పిల్లల కోసం ‘చిలకమ్మ పెండ్లి’ రాశారు.

ఇక్కడ మా వీధి పిల్లలు బళ్లో ఒడియా చదువుతారు, తెలుగు పద్యం ఇంట్లో వింటేనే. మీ బరంపురంలోనూ అంతే కదా. అందుకే పద్యం వంకన నాన్న పక్కన కాసేపు కూర్చోవడం మనవాళ్లకి ఇంకా మిగిలి ఉంది. అదీ గద్దించి చెప్పిస్తే ఏం లాభం?

నన్నయ్యది మత్తేభం, సమాసాలకి మీవాడికి నాలిక తిరగదు. ‘పుత్రగాత్ర పరిష్వంగ’ దగ్గర తడబడతాడు, విడగొట్టి చెప్పు. ఒళ్లో కూర్చోబెట్టుకునే చెప్పు సుమా. దసరాకి వచ్చినప్పుడు మా నాన్నకి వాడిచేత వినిపిద్దాం. చెల్లాయిని అడిగానని చెప్పు.

నీ
బావ