మూడుసార్లు అమ్ముడుపోయిన బొబ్బట్ల పళ్ళెం

అయోవా సిటీ
ఆదివారం మధ్యాహ్నం

ఒసేయ్ ట్రెజరరూ,

ముందు తిట్టెయ్యి, తర్వాత చదువు. దసరాకి రాస్తానన్నాను, దీపావళి గుమ్మంలోకి వచ్చేసింది. నీ రెండు ఉత్తరాలూ నా బల్ల మీదే ఉన్నాయి, కనపడినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటోంది. నిజంగా సారీనే.

గబగబా వార్తలు చెప్పేస్తా. ఒంట్లో బాగానే ఉంది. గైడు రెండో చాప్టర్ మళ్ళీ వెనక్కి పంపాడు. చలి మొదలైంది. అమ్మ కంటి ఆపరేషన్ అప్పుడు నువ్వు రెండు రాత్రులు హాస్పిటల్లో పడుకున్నావని తమ్ముడు చెప్పాడు, దాని గురించి ఇప్పుడు రాయలేను, ఏడుపొస్తుంది. ఇంకోసారి.

ల్యాబ్‌లో కూర్చుని రాస్తున్నా. మిషన్ మీద శాంపిల్స్ పెట్టాను, అవి అయ్యేదాకా టైముంది. నిన్న జరిగింది నీకు చెప్పకపోతే నాకు ఈ రాత్రి కూడా నిద్ర పట్టదు.

నాకు స్కాలర్‌షిప్ ఇచ్చిన పి.ఇ.ఓ. అనే ఆడవాళ్ళ సంఘం వాళ్ళు గుర్తున్నారుగా? ఆ ఉత్తరం వచ్చిన రోజు ఫోన్లో నువ్వు "ఎవరే ఈ మహాతల్లులు, మూడక్షరాలు తప్ప ఊరూ పేరూ లేదు" అన్నావు. నేనైతే పెద్ద పెద్ద కోటీశ్వరులనే అనుకున్నా. సూట్లు, పొడవాటి బల్ల, చెక్కు మీద సంతకం, అలా. నిన్న ఆ డబ్బు ఎక్కడ పుడుతుందో కళ్ళారా చూశానే. ఒక ట్రాక్టర్ షెడ్డులో పుడుతుంది!

ఉండు, మొదట్నించీ చెప్తా.

మా ఓనరమ్మ ఉంది కదా, 72 ఏళ్ళ రిటైర్డ్ నర్సు, నాకు జలుబు చేస్తే చికెన్ సూప్ గుమ్మం ముందు పెట్టి బెల్లు కొట్టి వెళ్ళిపోయే మనిషి. ఈ స్కాలర్‌షిప్ సంగతి నాకు చెప్పిందే ఆవిడ, ఆవిడ కూడా పి.ఇ.ఓ. సభ్యురాలు. "శనివారం మా ఊరి దగ్గర వేలంపాట పెట్టాం, పిల్లల చదువుల కోసం. నువ్వూ రా, మీ వైపు తినేది ఏదైనా చేసుకురా" అంది. శుక్రవారం రాత్రి పదింటికి శనగపప్పు ఉడకేశాను. రెండయింది పడుకునేసరికి. ఇరవై నాలుగు బొబ్బట్లు చేసి, అందులో చక్కటివి పన్నెండు ఏరి, మీ అమ్మ ఇచ్చిన స్టీలు పళ్ళెంలో సర్దాను. అదేనే, అడుగున నీ పేరు చెక్కించి ఉన్న పళ్ళెం.

పొద్దున్నే 218 హైవే మీద దక్షిణంగా గంట ప్రయాణం. అటూ ఇటూ మొక్కజొన్న కోతలు, దుమ్ము. దారంతా ఓనరమ్మ కథ చెప్పింది. మౌంట్ ప్లెజెంట్ అని ఊరు. అక్కడ అయోవా వెస్లియన్ అని కాలేజీ. ఆడపిల్లలు కాలేజీకి వెళ్ళడమే వింతగా చూసే రోజులు. 1868 చివర్లో ఐ.సి. సొరోసిస్ అనే అమ్మాయిల సంఘం అక్కడ శాఖ పెట్టింది, ఇప్పుడు దాన్నే పై బీటా ఫై అంటున్నారు. ఒకే జట్టుగా తిరిగే ఏడుగురు స్నేహితురాళ్ళు ఉండేవాళ్ళు. ఆ సంఘంలోకి వాళ్ళల్లో కొందరికే పిలుపు వచ్చేలా ఉంది, అందరికీ కాదు. హాటీ బ్రిగ్స్, ఫ్రాంక్ రోడ్స్ అని ఇద్దరు కూర్చుని, అయితే మనకి మనమే ఒక సంఘం పెట్టుకుందాం అనుకున్నారు. (ఫ్రాంక్ కూడా అమ్మాయేనే, కంగారుపడకు.) 1869 జనవరి 21న ఏడుగురూ కలిసి ప్రమాణం చేసుకున్నారు. అదే ఈ పి.ఇ.ఓ. కాలేజీ అమ్మాయిల సంఘాలని సొరోరిటీ అనడం అప్పటికి లేదట, 1882లో సిరక్యూస్‌లో ఒక లాటిన్ మాస్టారు మొదలుపెట్టాడట. లాటిన్‌లో సొరోర్ అంటే అక్కచెల్లెలు.

ఎవర్నీ వదిలేసి వెళ్ళకూడదని పెట్టుకున్న సంఘం! చదువులైపోయి, పెళ్ళిళ్ళయి, తలో ఊరూ చేరాక కూడా వాళ్ళు దీన్ని వదల్లేదు. ఎక్కడికి వెళ్తే అక్కడ ఒక శాఖ. అలా కాలేజీ పిల్లల సంఘం ఊళ్ళల్లో ఆడవాళ్ళ సంఘం అయింది. ఆ మూడక్షరాలకి బయటి అర్థం ఒకటి చెప్తారు, లోపలి అర్థం సభ్యులకే తెలుసు. నేనడిగితే ఓనరమ్మ నవ్వి ఊరుకుంది. మన "కాకరకాయ" గుర్తొచ్చింది నాకు. అది ఈరోజుకీ మన ఆరుగురికి తప్ప ఎవరికీ తెలియదు కదా!

ఆ కాలేజీని 2023లో మూసేశారు. దాని ముందు నుంచి వెళ్తుంటే ఓనరమ్మ కారు నెమ్మది చేసి రేడియో ఆపేసింది. పెద్ద పెద్ద చెట్లు, ఎర్ర ఇటుకలు, ఎవరూ లేని మెట్లు. ఆవిడ ఏమీ అనలేదు. నేనూ మాట్లాడలేదు.

ఇంక షెడ్డు సంగతి. ఒక రైతు కుటుంబం వాళ్ళది. ట్రాక్టర్లు బయట పెట్టి, నేల కడిగి, మడత కుర్చీలు వేశారు. డీజిలు వాసన, కాఫీ వాసన, దాల్చినచెక్క వాసన. అందరూ డెబ్బై, ఎనభై ఏళ్ళ ఆడవాళ్ళు, కొద్దిమంది పడుచువాళ్ళు. బల్లల మీద వేలానికి పెట్టినవి చూడాలి నువ్వు: అతుకుల బొంతలు, చేత్తో అల్లిన మేజోళ్ళు, దోసకాయ ఊరగాయ సీసాలు, ఆపిల్ పైలు. వాటి మధ్యలో మీ అమ్మ స్టీలు పళ్ళెం!

గోడవారన కాఫీ కప్పులు పట్టుకుని వాళ్ళ భర్తలు నిలబడ్డారు. సంఘంలో వాళ్ళని ఏమంటారో తెలుసా? బి.ఐ.ఎల్. అంటారు, బ్రదర్ ఇన్ లా. అంటే బావగార్లు! సభ్యులందరూ అక్కచెల్లెళ్ళయితే వాళ్ళ మొగుళ్ళు బావలేగా మరి. వరస కలిపేశారే! ఇంతదూరం వచ్చాక వరస పెట్టి పిలుచుకునే మనుషులు దొరుకుతారని నేననుకోలేదు. ఆ బావల్లో ఒకాయన పశువుల సంతలో వేలం పాడతాడట. ఆయనే నిన్న పాట పాడాడు. నాలుక తిరగడం చూడాలి! కళ్ళు మూసుకుంటే కనిగిరిలో పొగాకు వేలం. నాన్న బేళ్ళ పక్కన నిలబడి, పాట ఎక్కడ ఆగుతుందో అని నా చెయ్యి నలిపేస్తుండేవాడే, ఆ చెయ్యి మళ్ళీ నొప్పెట్టింది.

నా పళ్ళెం వంతు వచ్చింది. "ఇండియా నుంచి తియ్యటి రొట్టె" అన్నాడు. అయిదు డాలర్ల దగ్గర మొదలై పది, పదిహేను, ఇరవై... 45 దగ్గర ఆగింది. ముందు వరసలో ఊదారంగు స్వెటరు వేసుకున్న ఒక పెద్దావిడ పాడుకుంది. చప్పట్లు కొట్టారు. ఆవిడ పళ్ళెం అందుకుని, ఒక్కటంటే ఒక్క బొబ్బట్టు తీసుకుని, "మళ్ళీ పెట్టు" అని పళ్ళెం తిరిగిచ్చేసింది. నాకు గుండె ఆగినంత పనైంది, నచ్చలేదేమో అనుకున్నా. ఓనరమ్మ నా మోకాలు తట్టి "చూస్తూ ఉండు" అంది. రెండోసారి 60కి ఇంకొకావిడ. ఆవిడా ఒకటి తీసుకుని "మళ్ళీ పెట్టు" అంది. మూడోసారి 110కి ఒక బావగారు పాడుకుని, అక్కడే నిలబడి బొబ్బట్టు నాలుగు మడతలు పెట్టి నోట్లో వేసుకున్నాడు. మొత్తం 215 డాలర్లే! ఒక్క పళ్ళెం! డబ్బు పెట్టాలి, వస్తువు మాత్రం అయిపోకూడదు, అదీ వాళ్ళ ఆట. అక్కడ డబ్బున్నవాళ్ళంటూ ఎవరూ లేరు, మడమలు అరిగిన బూట్లే అందరివీ.

మధ్యలో ఒక పంతొమ్మిదేళ్ళ పిల్ల మైకు పట్టుకుని అయిదు నిమిషాలు మాట్లాడింది, చేతిలో కాగితం ముక్క లేకుండా. మిస్సోరీలో కాటీ కాలేజీ అని ఆడపిల్లల కాలేజీలో చదువుతోంది. దాన్ని 1884లో వర్జీనియా ఆలిస్ కాటీ అనే టీచరమ్మ తను కూడబెట్టుకున్న 3000 డాలర్లతో మొదలుపెట్టి, 1927లో పి.ఇ.ఓ.కి రాసిచ్చేసింది. ఈ పిల్ల కాలేజీలో చేరినప్పుడు అటెండెన్స్‌కి కూడా గొంతు లేచేది కాదట. నిన్న షెడ్డు చివరున్న బావలకి కూడా వినపడింది. వాళ్ళమ్మ వెనక వరసలో పెదవులు కొరుక్కుంటూ కూర్చుంది.

ఇప్పుడు అసలు సంగతి. అంతా అయ్యాక ఆ ఊదా స్వెటరావిడ కర్ర పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. 88 ఏళ్ళు. లెక్కల టీచరుగా చేసింది. హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది. మన కిరాణాకొట్టు ఖాతా పుస్తకమంత ఉంటుంది, అట్ట మెత్తబడిపోయింది. 1957 వేసవిలో వడగళ్ళు పడి వాళ్ళ నాన్న పంట మొత్తం పోయిందట. సీడర్ ఫాల్స్‌లో టీచర్ల కాలేజీలో ఆవిడకి ఇంకొక్క ఏడాది మిగిలి ఉంది. సామాను కూడా సర్దేసుకుంది. ఈ సంఘానికి 1907 నుంచి ఒక అప్పు నిధి ఉంది, ఆడపిల్లల చదువు కోసం. అందులోంచి అప్పిచ్చారు. ఒకరు తీర్చిన డబ్బు ఇంకో అమ్మాయికి వెళ్తుంది. పుస్తకం నిండా పెన్సిల్‌తో నెల నెలా 15 డాలర్లు, 15 డాలర్లు, ఒక డిసెంబర్‌లో 9 మాత్రమే, తర్వాతి నెల 21. చివరి పేజీలో ఎర్ర పెన్సిల్‌తో గీత.

"గీత గీశాక ఏం చేశారు?" అన్నాను.

"తర్వాతి నెల కూడా పంపాను. ఆపడం తెలియలేదు" అంది.

నేనేం చదువుతున్నానో అడిగింది. నీళ్ళల్లో ఫ్లోరైడ్ అన్నాను. "అది మేమే నీళ్ళల్లో కలుపుకుంటాం కదా, పళ్ళకి మంచిదని!" అని ఆశ్చర్యపోయింది. ఇక్కడ లీటరుకి 0.7 మిల్లీగ్రాములు ఉండేలా చూస్తారు. 1.5 దాటకూడదు అంటారు, మా ఊళ్ళ బోర్లలో చాలాచోట్ల అది దాటి ఉంటుంది, పళ్ళు గారపడతాయి, ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి అని చెప్పాను. నాయనమ్మ గురించి చెప్పాను. నడుము వంగిపోయి, మొహం చూడాలంటే మనమే కింద కూర్చోవాల్సి వచ్చేది కదా. ఆవిడ కర్ర పక్కన పెట్టి, నాయనమ్మ పేరు అడిగి, స్పెల్లింగ్ అడిగి, ఆ పుస్తకంలోనే ఎర్ర గీత కింద రాసుకుంది. ఎందుకని అడగలేకపోయాను. గొంతు పూడుకుపోయింది.

తిరిగి వస్తుంటే చీకటిలో ఓనరమ్మ తన కథ చెప్పింది. ఇద్దరు పిల్లలు పుట్టాక 32 ఏళ్ళకి నర్సింగ్ పూర్తి చేసిందట. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళ కోసమే 1973లో వీళ్ళు ఒక సాయం మొదలుపెట్టారు, దానితోనే. ఇప్పుడు వాళ్ళ శాఖలో ఒకామెకి కీమో నడుస్తోంది. ఎవరు ఏ వారం కారులో తీసుకెళ్ళాలో చీటీ రాసి ఓనరమ్మ ఫ్రిజ్ మీద అంటించి ఉంది. రోజూ చూస్తున్నా ఆ చీటీని, అదేంటో నిన్నటిదాకా తెలియదు.

అప్పట్నుంచీ నాకు హాస్టల్లో మన ఆరుగురం డబ్బులు వేసుకున్న బోర్న్‌విటా డబ్బా గుర్తొస్తూనే ఉంది. తాళంచెవి నీ మెడలో. సెకండ్ సెమ్ పరీక్ష ఫీజు నాకు దాంట్లోంచే కట్టావు, అందరి ముందూ ఇవ్వకుండా నా దిండు కింద పెట్టావు. మనకి ఏ మౌంట్ ప్లెజెంట్ తెలుసనే అప్పుడు? కానీ పొట్టి... దాని నాన్న పోయినప్పుడు డబ్బాలో 340 రూపాయలున్నాయి. మనం లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, చాలక, దాన్ని ఇంటికి బస్సెక్కించాం. ఆ బస్సు నంబరు కూడా నాకు గుర్తుంది. నువ్వు ఆ రోజు డబ్బాని మంచం కిందకి తన్నేశావు, మళ్ళీ తియ్యలేదు.

అది ఇప్పుడు కందుకూరులో మిషన్ కుడుతోందన్నావుగా. డిగ్రీ ఏదైనా ఓపెన్ యూనివర్సిటీలో కట్టొచ్చు కదే? మనం అయిదుగురం నెలకింత వేసుకుంటే ఫీజు ఎంత? పుస్తకాలెంత? నేను స్కాలర్‌షిప్ డబ్బు ముట్టుకోను, అది నా చదువుకి ఇచ్చింది. ట్యూషన్ చెప్తున్నా కదా, దాంట్లోంచి పంపిస్తా. దానికి అప్పు అని చెప్పు, ఊరికే ఇస్తే తీసుకోదు, నీకు తెలుసు దాని సంగతి. తీర్చింది ఇంకొకళ్ళకి వెళ్తుందని చెప్పు. నీ కాలేజీలో ఇంటర్ అమ్మాయి ఒకత్తి ఉందన్నావే, ఆ పిల్లకే

అయ్యో, మిషన్ కూస్తోంది, శాంపిల్ మార్చాలి. డబ్బా ఇంకా నీ దగ్గరే ఉందా? పొట్టికి ఫోన్ చేస్తే ముందే డబ్బు సంగతి ఎత్తకు, ముందు కాకరకాయ అను, అది నవ్వాక

మిగతాది మళ్ళీ. పళ్ళెం భద్రంగా ఉంది.

నీ
రెండో మంచం